ఊ కొట్టే కంప్యూటరు

పలాస అవతల జీడితోటల మధ్యనున్న ఒక పాలిటెక్నిక్ కాలేజీలో సుభాషిణి అనే అమ్మాయి చదువుతుండేది. తెలివికి లోటు లేదు, మనసుకీ లోటు లేదు, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగడం ఒక్కటే ఆమెకు చేతకాదు.

ఈ కథకి మీరు ఊ కొట్టాలి సుమా. ఎందుకంటారా? చివరికి మీకే తెలుస్తుంది.

సుభాషిణి నోట్లో నువ్వుగింజ నానేది కాదు. బస్సులో కండక్టరు నోరు తెరవకముందే "కాశీబుగ్గ, ఒకటి!" అనేది. క్లాసులో మాస్టారు ప్రశ్న సగం అడిగేసరికే ఆమె జవాబు ముప్పాతిక చెప్పేసేది. ఒకసారి వాళ్ళమ్మ పెరట్లోంచి "సుభా, అటక మీద ఆవకాయ జాడీ ఉంది చూడు..." అని మొదలుపెట్టింది. అంతే! ఈ పిల్ల స్టూలెక్కి జాడీ దించేసింది. "...దాన్ని ముట్టుకోకు, అడుగు పగిలింది" అని ఆవిడ మాట పూర్తిచేసేసరికి ఆవకాయ సగం నేలమీద, సగం ఈ పిల్ల నెత్తిమీద ఉంది. అంత జరిగాక బుద్ధి వచ్చి ఉంటుందనుకుంటున్నారా? అబ్బే! "ఆలస్యం అమృతం విషం అన్నారు కదమ్మా" అంది, తల కడుక్కుంటూ.

ఆమె పక్కన కూర్చునే అమ్మాయి పేరు పైడితల్లి. అందరూ పైడి అనేవారు. పైడికి నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయేది. ఆగిన మాట మళ్ళీ కదలడానికి ఒక్కోసారి అరనిమిషం పట్టేది. రాతపరీక్షల్లో ఆ అమ్మాయిని మించినవాళ్ళు కాలేజీలో లేరు. నోటిపరీక్ష వచ్చిందంటే మాత్రం సున్నా.

సుభాషిణికి పైడి అంటే ప్రాణం. పైడి తడబడుతుంటే వెనక బెంచీలవాళ్ళు నవ్వేవారు. ఆ నవ్వు సుభాషిణి భరించలేకపోయేది. అందుకని పైడి మాట ఆగగానే తను అందుకుని పూర్తిచేసేది. క్యాంటీన్లో పైడికి ఏం కావాలో ఈమే చెప్పేది. లైబ్రరీలో పైడి తరఫున పుస్తకం ఈమే అడిగేది. "పైడికి నోరు సుభాషిణే" అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు సుభాషిణికి తియ్యగా ఉండేది. పైడి మాత్రం ఉప్మా తినాలనిపించిన రోజు కూడా, సుభాషిణి తెచ్చిన ఇడ్లీయే నవ్వుతూ తినేది.

అప్పటికి ఆ కాలేజీలో ఉన్న కంప్యూటర్లు నాలుగంటే నాలుగు. ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు లేదు. చివరి ఏడాది ప్రాజెక్టుగా జగ్గారావు మాస్టారు ఆ పనే వీళ్ళిద్దరికీ అప్పగించాడు. ఆయన వాళ్ళని కంప్యూటర్ల వెనక్కి తీసుకెళ్ళి, వంగి చూపించాడు.

"ఇవిగో, తొమ్మిదేసి సూదులున్నాయే, ఇవే సీరియల్ పోర్టులు. ఒక్కోదానికి రెండేసి ఉన్నాయి. మొదటిదాన్ని రెండోదానికి, రెండోదాన్ని మూడోదానికి, అలా తీగలతో కలుపుకుంటూ పోయి నాలుగోదాన్ని మళ్ళీ మొదటిదానికి కలపండి. గుండ్రంగా కూర్చున్న పిల్లలు చెవిలో మాట చెప్పుకున్నట్టు, ఒక చోట కొట్టిన మాట నాలుగు తెరలమీదా కనబడాలి. అయితే ఒకటి. మాట మొత్తం ఒక్కసారి వెళ్ళదు. అక్షరం వెనక అక్షరం, చీమల బారులా వెళ్తుంది. ఆ తీగలో పోయే దారి ఒకటుంది. దాంతోపాటు ఇంకో..."

ఆయన వెనక్కి తిరిగి చూసేసరికి సుభాషిణి లేదు. కీబోర్డు ముందు కూర్చుని టకటకలాడిస్తోంది. మాస్టారు నిట్టూర్చి, మిగతా సగం పైడికి చెప్పాడు.

పని ఇద్దరూ పంచుకున్నారు. ప్రతి కంప్యూటరూ రెండు పనులు చేయాలి కదా, అక్షరాన్ని అందించడం, అందుకోవడం. అందించే ప్రోగ్రాం సుభాషిణిది. అందుకునే ప్రోగ్రాం పైడిది. పరీక్షనాడు విశాఖపట్నం నుంచి ఒక పరీక్షాధికారి వచ్చి, ఎవరి భాగం గురించి వాళ్ళ నోటితోనే చెప్పమంటారు.

అదే పైడి గుండెల్లో రాయి. కిందటేడు నోటిపరీక్ష తప్పింది. ఈ ఏడాదీ తప్పితే డిప్లమా చేతికి రాదు. వాళ్ళమ్మ నీలమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనిచేసేది. జీడి అంటీ అంటీ ఆవిడ వేళ్ళు నల్లబడిపోయాయి. ఎంత తోమినా ఆ నలుపు పోయేది కాదు.

"ఈపాలి కూడా తప్పితే నాతో షెడ్డుకొచ్చీయే, గుంటా" అంది ఆవిడ. "అక్కడ నోటితో పనిలేదు, సేతులుంటే సాలు."

కోపంతో అన్న మాట కాదది. కూతురు మరోసారి నలుగురిలో నవ్వులపాలు కావడం చూడలేక అంది. అనేసి, ఆ నల్లటి వేళ్ళు కూతురికి కనబడకుండా కొంగులో దాచుకుంది.

రెండు వారాలు గడిచాయి. తీగలు కలిపారు. ప్రోగ్రాములు రాశారు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూశారు. 'రా', 'పో' అంటే నాలుగు తెరలమీదా చక్కగా వచ్చాయి. సుభాషిణి గంతులేసింది. తర్వాత "కాశీబుగ్గ బస్సు వచ్చింది, అందరూ ఎక్కండి" అని కొట్టింది. మొదటి తెరమీద మొత్తం వచ్చింది. రెండోదానిమీద మొత్తం వచ్చింది. మూడోదానిమీద మాత్రం ఎలకలు కొరికినట్టు అక్కడో అక్షరం ఇక్కడో అక్షరం మిగిలాయి. నాలుగోది, పాపం, మూడోది ఏం చెబితే అదే రాసుకుంది.

ఆ మూడో కంప్యూటరు నాలుగింటిలోకీ పాతది. దాన్ని అందరూ ముసలమ్మ అనేవారు.

"తీగలో లోపం" అంది సుభాషిణి. తీగ మార్చారు. అదే వరస. "అయితే పోర్టులో లోపం." పోర్టు మార్చారు. మళ్ళీ అదే వరస. "అయితే ఈ గోడ పక్కన కరెంటు బాగాలేదు" అని ముసలమ్మని మోసుకెళ్ళి ఇంకో గోడ పక్కన పెట్టింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తన ప్రోగ్రాం తప్ప ఆ గదిలో ప్రతి వస్తువునీ తప్పుపట్టింది.

పైడి ఆమె చెయ్యి పట్టుకుంది. "సు... సుభా, ఆ ము... ముసలమ్మకి..."

"వయసు మీద పడింది, నాకు తెలుసు. ప్రిన్సిపాల్ గారినడిగి మార్పిస్తా!" అంది సుభాషిణి.

పైడి మళ్ళీ మొదలుపెట్టింది. "అ... అది కాదు. న... నువ్వు పంపేముందు..."

"పంపేముందు తీగలన్నీ బిగించే పంపాను తల్లీ! నువ్వేం బెంగపెట్టుకోకు. నేనున్నానుగా."

పైడి మర్నాడు ఒక కాగితం మడిచి సుభాషిణి చేతిలో పెట్టింది. సుభాషిణి విప్పి మొదటి వాక్యం చదివింది. 'సుభా, నావైపు ప్రోగ్రాం సిద్ధంగా ఉంది' అని ఉంది. "భేష్! నాదీ సిద్ధంగానే ఉంది" అని కాగితాన్ని నోటుపుస్తకంలో దోపేసి, స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. పైడి ఆ పుస్తకం వైపే చూస్తూ నిలబడిపోయింది.

పరీక్షరోజు రానే వచ్చింది. వచ్చిన పరీక్షాధికారి పేరు కనకదుర్గ గారు. యాభై ఏళ్ళ మనిషి, నెరిసిన జుట్టు, మాట కొంచెం కటువు. వస్తూనే మొదటి కంప్యూటరు ముందు కూర్చుని "ఈరోజు ఎండ చాలా ఎక్కువగా ఉంది, మంచినీళ్ళు తాగండి" అని కొట్టారు. లేచి మూడో తెర దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఎండా సగమే ఉంది, నీళ్ళూ సగమే ఉన్నాయి.

"పంపింది మొత్తం వెళ్ళింది. అందలేదంటే అందుకునేవైపే తప్పుండాలి. అందుకునే భాగం ఎవరిది?" అని అడిగారు.

పైడి చెయ్యెత్తింది.

"నువ్వు చెప్పమ్మా. ఎందుకిలా అయింది?"

"మూ... మూ..."

"మూడో కంప్యూటరు పాతదండీ!" అంది సుభాషిణి.

"నేను నిన్నడగలేదు" అన్నారు కనకదుర్గ గారు. "చెప్పమ్మా."

పైడి రెండు చేతులూ గట్టిగా ముడిచింది. "అం... అందుకోవ..."

"అందుకోవడానికి దానికి శక్తి చాలడం లేదండీ, తీగలు కూడా పాతవి, మేం ఎన్నిసార్లు మార్చినా..."

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేలోపే సుభాషిణి నోట్లోంచి ఆ మాటలన్నీ దొర్లిపోయాయి. అలవాటు మరి. పైడి ఆమెవైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. తర్వాత తల దించుకుంది.

కనకదుర్గ గారు కలం మూశారు. "ఈ అమ్మాయికి తన భాగం తెలిసినట్టు లేదు. నా రైలు సాయంత్రం. మూడు గంటలకి మళ్ళీ వస్తాను. అప్పటికి ఇది పనిచేయాలి, ఎందుకు పనిచేస్తోందో ఈ అమ్మాయి తన నోటితో చెప్పాలి. చెప్పకపోతే సున్నా వేయక తప్పదు" అని వెళ్ళిపోయారు.

జగ్గారావు మాస్టారు సుభాషిణిని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నిదానమే ప్రధానం అనేది ముసలివాళ్ళ మాటని నవ్వేదానివి కదమ్మా" అని మెల్లగా అని, ఆయనా బయటికి నడిచాడు.

సుభాషిణి పైడి కోసం కాలేజీ అంతా వెతికింది. పైడి కొళాయి దగ్గర మెట్టుమీద కూర్చుని, మూత తీయని టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉంది. సుభాషిణి ఆమె పక్కన కూలబడింది.

"పైడీ, క్షమించవే, నేను కావాలని అనలేదే, నిన్ను చూసి వాళ్ళు నవ్వుతారేమోనని, నాకసలు..."

పైడి చెయ్యి పైకెత్తింది. సుభాషిణి ఆగిపోయింది.

"న... నవ్వితే..." అంది పైడి. ఆగింది. కొళాయిలోంచి నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్నాయి. సుభాషిణికి ఆ వాక్యం ఎలా పూర్తవుతుందో తెలిసినట్టే అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఓణీ చెంగు నోట్లో కుక్కుకుని పళ్ళతో బిగబట్టింది.

"నవ్వితే న... నవ్వనీ. న... నవ్వేవాళ్ళు కూడా నా మా... మాట చివరిదాకా వింటారు. న... నువ్వే వినవు."

సుభాషిణి అనుకున్న ముగింపు అది కానేకాదు. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇన్నేళ్ళూ పైడికి నోరు తనేనని మురిసిపోయింది. పైడి నోరు నొక్కింది తనేనని ఇప్పుడు తెలిసింది.

పైడి డబ్బా పక్కన పెట్టి, నిదానంగా చెప్పడం మొదలుపెట్టింది. అంతా చెప్పడానికి చాలాసేపు పట్టింది. తడబాట్లు తీసేసి నేను మీకు క్లుప్తంగా చెబుతాను కానీ, సుభాషిణి మాత్రం ఒక్క తడబాటు కూడా పోనివ్వకుండా విన్నది.

చిన్నప్పుడు సెలవుల్లో పైడి వాళ్ళమ్మతో షెడ్డుకి వెళ్ళేది. అక్కడ ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు కొడుతూ కథలు చెప్పుకునేవారు. నీలమ్మ చెప్పే కథలంటే అందరికీ ఇష్టం. అయితే ఆవిడదో పట్టు. ఎవరైనా ఊ కొట్టకపోతే కథ ముందుకి సాగేది కాదు. చేతులు పిక్కలమీద, కళ్ళు పిక్కలమీద ఉన్నప్పుడు, ఎదుటివాళ్ళు విన్నారో లేదో ఊ అంటేనే కదా తెలిసేది! ఆ ఊ కొట్టే పని పైడిది. పైడి నోట ఏ మాటైనా తడబడేది కానీ, ఊ మాత్రం ఎన్నడూ తడబడలేదు. ఊ రాకపోతే నీలమ్మ ఒక్క క్షణం ఆగి, అదే మాట మళ్ళీ చెప్పేది. ఊ వచ్చాకే తర్వాతి మాట.

"ము... ముసలమ్మ నిదానం మనిషి" అంది పైడి. "ఒక అక్షరాన్ని పక్కకి అం... అందించేలోపే ఇంకో రెండు వచ్చి మీదపడుతున్నాయి. చిన్న మాటైతే ఎలాగో స... సర్దుకుంటోంది. పెద్ద మాటైతే పారబోసుకుంటోంది. అందుకే అక్షరం అందగానే 'ఊ' అన్నట్టు ఒక గుర్తు వెనక్కి పంపేలా రాశాను. తీగలో వ... వచ్చే దారి కూడా ఉందని, ఆరోజు నువ్వు వెళ్ళిపోయాక మాస్టారు చెప్పారు. నా ప్రోగ్రాం మొదట్నుంచీ ఊ అంటూనే ఉంది సుభా. నీ ప్రోగ్రామే వినడం లేదు."

సుభాషిణి గబగబా సంచిలోంచి నోటుపుస్తకం తీసి తిరగేసింది. మడిచిన కాగితం అక్కడే ఉంది. ఈసారి చివరిదాకా చదివింది.

'సుభా, నావైపు ప్రోగ్రాం సిద్ధంగా ఉంది. అక్షరం అందగానే అది ఊ అంటుంది. ఆ ఊ వచ్చేదాకా నీవైపు ఆగితే చాలు, ముసలమ్మ బంగారంలా పనిచేస్తుంది. నీకు నోటితో చెబ్దామని చాలాసార్లు చూశాను. కోపగించుకోకు. నువ్వు తప్ప నాకెవరున్నారు.'

చివరి వాక్యం దగ్గర సుభాషిణి వెక్కి వెక్కి ఏడ్చింది. పైడి ఆమె వీపు నిమిరింది. చూడండి చోద్యం, గాయం తగిలిందొకరికి, ఓదార్పు ఇంకొకరికి!

"లే... లేవే. గంటన్నరే ఉంది" అంది పైడి.

ఇద్దరూ ల్యాబుకి పరిగెత్తారు. ఈసారి పైడి చెబుతుంటే సుభాషిణి రాసింది. పైడి ఒక్కో ముక్క చెప్పగానే సుభాషిణి "ఊ" అనేది. ఆ ఊ వినబడితేనే పైడి తర్వాతి ముక్క చెప్పేది. అక్షరం పంపు. ఊ. ఆగు. ఊ. గుర్తు వచ్చిందా చూడు. ఊ. వస్తే తర్వాతి అక్షరం పంపు. ఊ. కాసేపటిదాకా రాకపోతే అదే అక్షరం మళ్ళీ పంపు. ఊ. ఇద్దరూ కలిసి కూర్చుని అంత నిదానంగా ఎప్పుడూ పనిచేయలేదు, అంత త్వరగా ఎప్పుడూ పూర్తిచేయనూ లేదు.

సరిగ్గా మూడింటికి కనకదుర్గ గారు వచ్చారు. జగ్గారావు మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనక బెంచీలవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు. ఆవిడ కూర్చుని, పొద్దున కొట్టిన వాక్యమే మళ్ళీ కొట్టారు.

అక్షరాలు బయల్దేరాయి. మూడో తెరమీద ఒక్కొక్కటే, తొందరేమీ లేనట్టు వచ్చి కూర్చున్నాయి. ఈరోజు. ఎండ. చాలా. ముసలమ్మ ఒక్క అక్షరం పారబోయలేదు. మంచినీళ్ళు తాగండి అన్నదాకా వచ్చి ఆగింది. నాలుగో తెరా అదే చూపించింది.

"పనిచేసింది. సరే, ఎందుకు పనిచేసిందో చెప్పాలి" అన్నారు కనకదుర్గ గారు, పైడివైపు తిరిగి.

సుభాషిణి చెయ్యెత్తింది. "అమ్మా, ఒక్క మాట చెప్పి ఊరుకుంటానండీ. పొద్దున తప్పు పైడిది కాదు. పంపే భాగం నాది. అవతలివాళ్ళకి అందిందో లేదో చూడకుండా పంపుతూపోయింది నేనే. పైడి చెబుతూనే ఉంది, నేనే వినలేదు." చెప్పి, రెండడుగులు వెనక్కి వేసింది.

పైడి ముందుకి వచ్చింది. "అ... అండీ, ప... ప..."

మాట కదలలేదు. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అందరి కళ్ళూ సుభాషిణి మీదికే తిరిగాయి, ఇదిగో ఇప్పుడు అందుకుంటుంది చూడండి అన్నట్టు. సుభాషిణికి ఆ మాట తెలుసు. గంట క్రితం పైడి దగ్గరే నేర్చుకుంది. అంటే ఒక్క క్షణంలో అయిపోతుంది, పైడి బాధా తీరిపోతుంది.

అయినా ఆమె అనలేదు. పైడి కళ్ళలోకి చూస్తూ, మెత్తగా, "ఊ" అంది.

అంతే. షెడ్డులో చిన్నప్పుడు పైడి కొట్టిన ఊ ఇప్పుడు ఆమెకోసం ఇంకొకరు కొట్టారు. పైడి ఊపిరి పీల్చుకుంది. "ప... పంపేవాళ్ళు ఒక్కళ్ళే ఉంటే అది మా... మాట కాదండీ" అంది. "అందుకున్నవాళ్ళు ఊ అంటేనే మాట."

"ఊ" అంది సుభాషిణి.

రెండు నిమిషాల్లో అయ్యే జవాబుకి పావుగంట పట్టింది. పైడి తీగల గురించి చెప్పింది, పోయే దారి, వచ్చే దారి చెప్పింది, ముసలమ్మ నిదానం గురించి చెప్పింది. మధ్యలో కనకదుర్గ గారు చేతి గడియారం చూసుకోబోయి, దాన్ని విప్పి సంచిలో పడేశారు. కాసేపటికి ఆవిడ కూడా, తనకే తెలియకుండా, ఊ కొట్టసాగారు. కిటికీ దగ్గర నవ్వినవాళ్ళు ఎప్పుడు నవ్వాపారో వాళ్ళకే తెలియదు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగారు కనకదుర్గ గారు చివరికి.

"జీ... జీడిపిక్కల షెడ్డులోనండీ. మా అ... అమ్మ దగ్గర."

కటువుగా మాట్లాడే ఆ పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ అమ్మకి నా నమస్కారం చెప్పు. నువ్వు పాసయ్యావని కూడా చెప్పు" అన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరూ కాశీబుగ్గ షెడ్డుకి వెళ్ళారు. దారి పొడుగునా సుభాషిణి కడుపులో ఆ కబురు కుతకుతా ఉడికింది. ముందు పరిగెత్తి తనే చెప్పేయాలని ఎంత అనిపించిందో! షెడ్డు గుమ్మంలో నీలమ్మని చూడగానే నోరు దానంతటదే తెరుచుకుంది కూడా. టక్కున మూసేసింది. బుగ్గలు రెండూ బూరెల్లా పొంగాయి.

నీలమ్మ చేతిలో పిక్క చేతిలోనే ఉండిపోయింది. "ఏటైందే గుంటా?" అంది, బెదురుగా.

"అ... అమ్మా, న... నేను..."

వరసగా కూర్చున్న ఆడవాళ్ళందరూ పని ఆపారు. నీలమ్మ సుభాషిణి ముఖంలోకి చూసింది, ఎప్పట్లా ఈ పిల్లయినా చెబుతుందేమోనని. సుభాషిణి పెదవులు బిగించి, పైడిని చూడమన్నట్టు తల ఊపింది.

నీలమ్మ కూతురివైపు తిరిగింది. "ఊ" అంది.

"నేను పా... పాసయ్యానే అమ్మా. నా నో... నోటితోనే చెప్పాను."

నీలమ్మ ఆ నల్లటి చేతులు ఈసారి కొంగులో దాచుకోలేదు. రెండు చేతులతో కూతురి ముఖం పట్టుకుంది. "ఓలమ్మ! ఏటి సెప్పినావో, ఎలా సెప్పినావో, మొదట్నుంచీ సెప్పు. ఎంతసేపయినా సెప్పు" అంది. పైడి పిక్కల కుప్ప పక్కన కూర్చుని మొదట్నుంచీ చెప్పింది. షెడ్డు షెడ్డంతా ఊ కొట్టింది. అందరికంటే గట్టిగా వినబడిన ఊ ఎవరిదో మీకు వేరే చెప్పాలా?

చూశారా పిల్లలూ, ఎదుటివాళ్ళ మాటని మనం పూర్తిచేయడం సాయం కాదు; వాళ్ళే పూర్తిచేసేదాకా ఓపిగ్గా ఊ కొట్టడమే సాయం.